గస్తీవాని గడియారం

మా అపార్టుమెంటులో రాత్రి కాపలా కాసే కుర్రవాని చేతిలో ఈమధ్య టార్చిలైటుతోపాటు ఒక పొట్టి కడ్డీ కూడా కనబడుతోంది. మెట్ల వద్ద, మోటారు గది వద్ద, వెనుక గేటు వద్ద గోడలకు రూపాయంత బిళ్ళలు అతికించారు. కడ్డీని చేరువగా తీసుకువెళ్ళగానే కూత పెడుతుంది. "ఇదేమిటి నాయనా?" అన్నాను. "నేను నిద్రపోలేదని సాక్ష్యం మాస్టారూ!" అన్నాడు. ఆ మాట నన్ను కొన్నాళ్ళు పుస్తకాల చుట్టూ తిప్పింది.

కాపలావానికి కాపలా ఎవరన్న ప్రశ్న పాతదే. ఆపవలసినవాణ్ణి ఆపని, ఆపకూడనివాణ్ణి ఆపిన రక్షకులకు కౌటిల్యుడు అర్థశాస్త్రంలో దండన విధించాడు. మన 'తలారి'కి నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాలలోని 'మహాతలవర' బిరుదుతో చుట్టరికం చెబుతారు. ఎంత పదవి ఎక్కడికి దిగిందో చూడండి! 'గస్తీ' మాత్రం పారసీకం నుండి వచ్చింది, తిరగడమని అర్థం. తిరిగాడని నమ్మడమెట్లా? నా చిన్నతనంలో కర్ర చప్పుడే రుజువు. సగం నిద్రలో విని, అటు తిరిగి పడుకునేవాళ్ళం.

ఇంగ్లండులో ఆ నమ్మకం 18వ శతాబ్దానికే చాలలేదు. డెర్బీ పట్టణపు గడియార నిపుణుడు జాన్ వైట్‌హర్స్ట్ ఇందుకు ప్రత్యేక గడియారాలు చేశాడు. తిరిగే పలక అంచున చిన్న మేకులుంటాయి. కాపలావాడు వేళకు వచ్చి మీట లాగితే ఆ వేళ తాలూకు మేకు లోనికి దిగుతుంది. దిగని మేకు తెల్లవారి యజమానికి చాడీ చెబుతుంది. 1855 నాటికి జర్మనీలోని ష్వెన్నింగెన్‌లో యోహానెస్ బ్యూర్క్ గడియారాన్ని కాపలావాని వెంటే తిప్పాడు. చోటుచోటునా గొలుసుతో కట్టిన తాళంచెవి ఉంటుంది. దానిని గడియారంలో తిప్పితే లోపలి కాగితంపై ఆ చోటి గుర్తు పడుతుంది. పెట్టె తెరిచే అధికారం యజమానిది.

నేటి బిళ్ళ ఆ తాళంచెవికి వారసురాలే. అందులో బ్యాటరీ లేదు. కడ్డీ వెలువరించే రేడియో తరంగాల నుండే శక్తిని గ్రహించి తన సంఖ్య చెబుతుంది. దీని పూర్వీకులలో ఒక గూఢచారి ఉన్నాడు. 1945లో మాస్కోలో సోవియట్ బాలలు అమెరికా రాయబారి హారిమన్‌కు ఒక కొయ్య రాజముద్రను బహూకరించారు. అందులో లియోన్ థెరెమిన్ రూపొందించిన సాధనం దాగి ఉంది. దానికీ బ్యాటరీ లేదు. బయటినుండి రేడియో తరంగాలు ప్రసరిస్తేనే గదిలోని మాటలు మోసేది. 1952 వరకు అది బయటపడలేదు.

మొన్న మాఘమాసంలో ఒక రాత్రి పై అంతస్తు మామ్మగారు మెట్లమీద జారిపడ్డారు. ఆ కుర్రవాడే ఆమెను ఎత్తి ఆటోలో ఎక్కించి, వాళ్ళ అబ్బాయి వచ్చేదాకా ఆసుపత్రిలో ఉన్నాడు. నెలాఖరున ఒకరోజు జీతం కోశారు. అడగబోతే కాగితం చూపారు: వరుసగా మూడు బిళ్ళలు ఖాళీ. కాగితం అబద్ధమాడలేదు. కారణం రాయడానికి అందులో గడి లేదు, అంతే. ముప్పయ్యేళ్ళు హాజరుపట్టీ నిర్వహించినవాణ్ణి. కలం అడిగి, ఆ ఖాళీల పక్కన మార్జిన్‌లో జరిగింది రాసి సంతకం చేశాను. మరునాడు మామ్మగారు వేలిముద్ర వేశారు. జీతం సంగతి ఇంకా తేలలేదు.