ఆరొందల గుర్రాల కల్లు, ఒక సీసా బోర్డో

మంచి వైన్ కోసం డబ్బు తగలేసి ఉసూరుమనడం మన దేశంలో కొత్త సంగతేం కాదు. ఫ్రాన్స్వా బెర్నియే అనే ఫ్రెంచి వైద్యుడు 1663లో ఢిల్లీ నుంచి రాసిన ఓ పొడుగాటి ఉత్తరంలో ఈ గోడు వెళ్లబోసుకున్నాడు. అక్కడ దొరికేవి రెండే రకాలు. ఒకటి షిరాజ్ వైన్. పర్షియాలో బందర్ అబ్బాస్ దాకా నేల మీద, అక్కణ్ణుంచి సూరత్‌కి ఓడలో, సూరత్ నుంచి ఢిల్లీకి ఇంకో 46 రోజులు. రెండోది డచ్చివాళ్లు తెచ్చే కానరీ దీవుల వైన్. రెండూ ఎంత ఖరీదంటే, ఆ ధర తలుచుకుంటేనే నోట్లో రుచి చచ్చిపోతుందని ఆయన బాధ.

ఆ కాలంలోనే ఇంకో ఫ్రెంచివాడు, వజ్రాల వ్యాపారి తవెర్నియే, గోల్కొండ రాజ్యానికి వచ్చి పోతుండేవాడు. హైదరాబాద్ 1591లో పుట్టింది, అప్పటికి వందేళ్లు కూడా నిండలేదు. ఆయన దాన్ని బాగ్‌నగర్ అన్నాడు. మూసీ మీది పురానాపూల్ చూసి, పారిస్‌లోని పోఁ నఫ్ వంతెనకి పెద్దగా తీసిపోదన్నాడు. 1676లో అచ్చయిన ఆయన యాత్రా పుస్తకంలో ఈ ఊరి సాయంత్రాలు కూడా ఉన్నాయి. చీకటి పడితే ఇళ్ల ముందు దీపాలు వెలిగేవి, తాడి దుకాణాలు తెరిచేవాళ్లు. తాడి అంటే మన కల్లే. ఐదారు కోసుల దూరం నుంచి, గుర్రానికి అటొకటి ఇటొకటి తోలు తిత్తి కట్టి, పరుగులు పెట్టిస్తూ తెచ్చేవాళ్లట. రోజుకి 500, 600 గుర్రాలు! రుచి ఎలా ఉందంటే, తమ దేశంలో అప్పుడే తయారైన కొత్త వైన్ అంత తియ్యగా ఉందన్నాడు.

నన్ను ఆపేసింది ఆ గుర్రాల పరుగు. మా ఉద్యోగ భాషలో అది లేటెన్సీ సమస్య. కల్లు చెట్టు మీద లొట్టిలో ఉండగానే పులియడం మొదలవుతుంది. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. దాన్ని దాచలేం, దూరం పంపలేం. వైన్ బతుకు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. పీపాలో మగ్గి, సీసాలో నిద్రపోయి, సముద్రాలు దాటుతుంది. దాటినందుకు మనం డబ్బు కడతాం. మన దేశంలో ఏళ్ల తరబడి దిగుమతి వైన్ మీద సుంకం 150 శాతం. దాని మీద మళ్లీ రాష్ట్రం పన్నులు. అంటే సీసాలో సగం కంటే ఎక్కువ తాగేది ప్రయాణాన్నీ, పన్నునీ.

ఈ మధ్య నేను కొన్న బోర్డో రెడ్ కథ కూడా అంతే. లేబుల్ మీద కోట బొమ్మ, నోట్లో వగరు. చెడిపోలేదు, బాగానే ఉంది. కానీ "ఇంతేనా?" అనిపించింది. వైన్ సమీక్షకులు పేరాలు పేరాలు రాసే టానిన్ల సంగతిని తెలుగు ఒక్క ముక్కలో తేల్చేసింది: వగరు. నేరేడు పండులో ఉన్నదీ, పచ్చి అరటికాయలో ఉన్నదీ అదే. ఉగాది పచ్చడిలో దానికో వాటా ఉంది. ఇరానీ చాయ్‌లో పాలు చేసే పని కూడా ఆ వగరుని లొంగదీయడమే. కాబట్టి రుచి నాకు కొత్త కాదు. మరి దేనితో పోల్చుకుని నిరాశపడ్డాను? ఆ వైన్ ఎలా ఉండాలో నా నాలుకకి ముందు తెలీదు కదా. నా దగ్గరున్న కొలత ధర ఒక్కటే.

బోర్డో వాళ్ల కొలతా మొదట్లో అదే అని తర్వాత తెలిసింది. 1855 పారిస్ ప్రదర్శన కోసం అక్కడి దళారులు తమ ప్రాంతపు రెడ్ వైన్లని ఐదు తరగతులుగా విడగొట్టారు. వాళ్లు ఆధారం చేసుకున్నది ముఖ్యంగా బజారు ధరల్ని. ఆ జాబితా ఇప్పటికీ చెల్లుతోంది. చెప్పుకోదగ్గ మార్పు 1973లో ఒక్కసారి జరిగింది, అప్పుడు మూతోఁ రోత్‌షిల్డ్‌ని మొదటి తరగతికి ఎక్కించారు. ఎక్కువ ధర పలికింది కాబట్టి గొప్పది, గొప్పది కాబట్టి ఎక్కువ ధర. ఎక్కడా బయటికి దారి లేని లూప్.

తవెర్నియేకి ఈ ఇబ్బంది లేదు. ఇంటి దగ్గర తాగిన కొత్త వైన్ రుచి ఆయన నాలుక మీద ఉంది, కల్లుని దానితో కొలిచాడు. అలాంటి కొలత మనకీ ఉండేది. ఈతకల్లు వేరు, తాటికల్లు వేరు. తాటిలో మళ్లీ పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు. ఏ చెట్టుది, ఏ కాలానిది, ఏ పూట దింపింది అన్నది తాగి చెప్పగలిగినవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఫ్రెంచివాళ్లు "తెర్వార్" అని గొప్పగా చెప్పుకునే జ్ఞానం ఇదే కదా!

నగరంలో అది ఎందుకు మిగల్లేదో కూడా తవెర్నియే పుస్తకంలోనే ఉంది. తాడి మీద పన్ను గోల్కొండ సుల్తానుకి పెద్ద ఆదాయం. ఊళ్లో 20 వేలకి పైగా వేశ్యల పేర్లు రిజిస్టర్లో ఉన్నాయనీ, వాళ్ల వల్ల తాడి బాగా అమ్ముడవుతుంది కాబట్టే అంతమందిని ఉండనిచ్చారనీ రాశాడు. అప్పటి నుంచి సర్కారుకి కల్లు అంటే రుచి కాదు, ఆబ్కారీ. 2004లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూయించారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం మళ్లీ తెరిపించింది. తెరిచారు గానీ, కోటి మంది ఊరికి సరిపడా చెట్లేవి? ఆ లోటులోకి మత్తుమందు దూరింది. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. నాలుకకి కొలత ఉన్న ఊళ్లో అలాంటి కల్లు మొదటి గుక్కకే ఉమ్మేసేవాళ్లేమో. కూలి చేసి అలసిపోయి వచ్చినవాడికి ఆ తేడా ఎవరు నేర్పారు? నాకు వైన్ ఎవరు నేర్పారు? ఇద్దరం ధర చూసే కొన్నాం. నేను ఎక్కువ ధర చూశాను, అతను తక్కువ ధర చూశాడు. నాకు పోయింది డబ్బు మాత్రమే.

చార్మినార్ నుంచి దక్షిణంగా ఆ ఐదారు కోసులు కొలిస్తే ఇవాళ శంషాబాద్ వస్తుంది. ఎయిర్‌పోర్టులో డ్యూటీ ఫ్రీ షాపుంది. తోలు తిత్తుల గుర్రాలు పరుగెత్తినంత దూరంలో ఇప్పుడు సుంకం లేని ఫ్రెంచి వైన్ దొరుకుతుంది. ఈతకల్లు కావాలంటే ఇంకా చాలా దూరం పోవాలి, అదీ తెల్లారకముందే బయల్దేరాలి.