కత్తికి సాన పట్టడం

మొద్దుబారిన అంచును రాతి మీద అరగదీసి మళ్ళీ పదును తేవడాన్ని సాన పట్టడం అంటారు. తెలంగాణకు మంచి ఉక్కు కొత్త కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు దిమ్మలను పర్షియా వర్తకులు కత్తుల కోసం కొనుక్కెళ్ళేవారు. అంత మంచి ఉక్కయినా వాడేకొద్దీ అరుగుతుంది.

ఇంట్లో 1000 నంబరు సానరాయి ఒక్కటి చాలు. అంచు పెచ్చులూడితే 400 నంబరుది కావాలి. రాయిని నీళ్ళతో తడిపి, జారకుండా కింద తడిగుడ్డ వేయాలి. కత్తిని 15–20 డిగ్రీల వాలులో ఆనించి, ఆ వాలు మారకుండా పిడి దగ్గర నుంచి మొన దాకా నూరాలి. నూరుతున్న వైపు కాక అవతలి వైపు, అంచు పొడవునా వేలికి సన్నని గరుకు తగలాలి. అప్పుడే కత్తి తిప్పాలి. చాలామంది ఆ గరుకు రాకముందే ఆపేస్తారు, అందుకే పదును నిలవదు. రెండో వైపు కూడా నూరాక, తేలికపాటి ఒత్తిడితో ఆ గరుకును తీసేయాలి. పండిన టమాటా తొక్క నొక్కకుండానే తెగితే పని అయినట్టే.

రాయికి బదులు సాన చక్రం వాడేటప్పుడు అంచు నీలం రంగుకు తిరిగేంత వేడెక్కితే ఉక్కు బిగువు పోతుంది.

వంటగట్టు మీద పరిచేది ఎక్కువగా గ్రానైటే. దాని మీద నేరుగా తరిగితే ఎంత ఖరీదైన చాకైనా త్వరగా మొద్దుబారుతుంది, చెక్కపలక వాడాలి. ఇనుప కత్తిపీటతో మామిడికాయ, నిమ్మకాయ కోశాక వెంటనే కడిగి, తుడిచి, నూనె రాయాలి. మొద్దు కత్తిని గట్టిగా నొక్కాల్సి వస్తుంది కాబట్టి, చేయి తెగే ప్రమాదం దానితోనే ఎక్కువ.