నట్ (గిటార్)

గిటార్ మెడ, తల కలిసేచోట తీగలను ఆనించే సన్నని దిమ్మ. వీణలో మేరువు చేసే పని గిటార్‌లో ఇది చేస్తుంది: తీగల మధ్య ఎడాన్నీ, మొదటి ఫ్రెట్‌పై వాటి ఎత్తునూ నిర్ణయిస్తుంది. సొంతంగా ఎలక్ట్రిక్ గిటార్ కట్టుకునేవారు పికప్‌ల మీద పెట్టే శ్రద్ధ దీనిపైనా పెట్టాలి. శ్రుతి నిలవకపోతే ముందు చూడాల్సిన చోటు ఇదే.

కొనేటప్పుడు మొదట కొలత, తర్వాతే పదార్థం. ఫెండర్ తరహా మెడకు నట్ పొడవు సుమారు 42 మి.మీ., గిబ్సన్ తరహాకు 43. ఫెండర్ మెడలో నట్ కూర్చునే గాడి వెడల్పు 3.2 మి.మీ. దగ్గర ఉంటుంది, గిబ్సన్‌ది ఇంకా ఎక్కువ. ఎముక గట్టిది, ఎక్కువకాలం మన్నుతుంది. ట్రెమొలో మీట వాడేవారికి తీగను తేలిగ్గా జారనిచ్చే గ్రాఫైట్ రకం మేలు. బోలు ప్లాస్టిక్‌ది వద్దు.

అసలు నైపుణ్యం తీగలు కూర్చునే గాట్లలో ఉంది. గాటు తల వైపు వాలి ఉండాలి. తీగ ఫ్రెట్ల వైపు అంచునే ఆనాలి. లేదంటే ఖాళీ తీగ జుమ్మంటుంది. గాటు ఇరుకైతే తీగ పట్టేసి శ్రుతి తప్పుతుంది. మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి చూస్తే మొదటి ఫ్రెట్‌పై పల్చని కాగితమంత సందు మిగలాలి. ఎక్కువ మిగిలితే మొదటి ఫ్రెట్లలో స్వరం హెచ్చుతుంది.

హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్, బేగంబజార్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే ఆకురాయి, శాండ్ పేపర్, వెర్నియర్ కాలిపర్ నట్ అడుగు అరగదీయడానికి చాలు. గాట్లకు మాత్రం తీగ మందానికి తగిన ప్రత్యేక ఆకురాళ్లు కావాలి. మొదటిసారి కట్టేవారు కాస్త ఎత్తైన ఎముక నట్ కొని, కొద్దికొద్దిగా తగ్గించుకోవడమే ఉత్తమం.