తేజాణువు ఎంత దూరం నడవగలదు?

ఇద్దరి మధ్య రహస్య లేఖ నడవాలంటే ముందుగా ఇద్దరి దగ్గరా ఒకే తాళంచెవి ఉండాలి. ఆ తాళంచెవిని దొంగ కంటబడకుండా చేరవేయడమెలా? ఈ ప్రశ్నకు క్వాంటం భౌతికశాస్త్రం చెప్పిన జవాబు 1984 డిసెంబరులో మన బెంగుళూరులో, ఒక అంతర్జాతీయ సదస్సులో వెలుగు చూసిందని చాలామందికి తెలియదు. ఛార్లెస్ బెన్నెట్, ఝిల్ బ్రాసార్ రాసిన ఆ పత్రానికి బీజం 1970 ప్రాంతంలో స్టీఫెన్ వీస్నర్‌కు తట్టిన ఊహ. ఆ ఊహ అచ్చుకు నోచుకున్నది 1983లో!

విషయం క్లుప్తంగా ఇది. తాళంచెవిలోని ఒక్కొక్క అంకెను ఒక్కొక్క ఫోటాన్ మీద, అంటే తేజాణువు మీద, ఎక్కించి పంపుతారు. దారిలో ఎవరైనా దాన్ని కొలిస్తే దాని స్థితి చెదురుతుంది. దానికి నకలు తీయడం అసాధ్యమని 1982లోనే రుజువైంది. కనుక దొంగ అడుగుజాడలు తప్పుల రూపంలో బయటపడతాయి.

1989లో బెన్నెట్ బృందం దీన్ని చేసి చూపింది. తేజాణువులు నడిచిన దూరం సుమారు 30 సెంటీమీటర్లు. అయితే పంపే అంకెను బట్టి యంత్రంలోని విద్యుత్ పరికరం వేరువేరుగా చప్పుడు చేసేదట. చెవిటి దొంగ నుంచి మాత్రమే అది పూర్తి రక్షణ అని బ్రాసార్ తరువాత చమత్కరించారు. ఆ నవ్వులో ఒక హెచ్చరిక ఉంది. దాని సంగతి చివర చెబుతాను.

తరువాతి మజిలీ గాజుతీగ. 1995లో నికొలా జీసాఁ బృందం జెనీవా సరస్సు అడుగున వేసిన టెలిఫోను తీగలో 23 కిలోమీటర్లు పంపింది. ఇక్కడే లెక్కలు ప్రవేశించాయి. మామూలు గాజుతీగలో కిలోమీటరుకు 0.2 డెసిబెల్ వెలుగు నష్టమవుతుంది. 100 కిలోమీటర్లకు నూటికి ఒక్క తేజాణువు మిగులుతుంది. 1000 కిలోమీటర్లకైతే, సెకనుకు వెయ్యి కోట్ల తేజాణువులను పంపినా, ఆవలి ఒడ్డుకు ఒకటి చేరడానికి సగటున మూడు వందల ఏళ్ళకు పైగా పడుతుంది! నకలు తీయరాదు కనుక మధ్యలో మామూలు వర్ధకాలు పెట్టడానికీ వీలులేదు. పైగా, వెలుగు రాకపోయినా గ్రాహకం అప్పుడప్పుడు 'వచ్చింది' అని అబద్ధమాడుతుంది. దూరం పెరిగేకొద్దీ నిజాలు తగ్గి అబద్ధాలు మిగులుతాయి. మూల పద్ధతిలో తప్పులు దాదాపు 11 శాతం దాటనంతవరకు తాళంచెవి భద్రంగా దక్కుతుందని 2000లో షోర్, ప్రెస్కిల్ ఇచ్చిన రుజువు చూపింది.

అదే ఏడు మరో దెబ్బ. ఆచరణలో వాడేది ఒంటరి తేజాణువు కాదు, బలహీనమైన లేజరు మెరుపు. ఒక్కోసారి అందులో రెండు మూడు తేజాణువులుంటాయి. దొంగ ఒకటి దాచుకుని మిగిలినవి వదిలితే పట్టుబడడు. దీన్ని లెక్కలోకి తీసుకుంటే 50 కిలోమీటర్ల దగ్గర పదోవంతు కావలసిన వేగం నూరోవంతవుతుంది. విరుగుడు 2003లో హ్వాంగ్ సూచించారు: నడుమ నడుమ వేరు తీవ్రత గల మెరుపులను కలపడం. ఏది అసలో ఏది మాయలేడో దొంగకు తెలియదు. 2005 నాటికి ఈ ఉపాయం గణితంగా స్థిరపడింది.

మధ్యలో మజిలీ లేని తీగకు దాటరాని హద్దు ఎంతో 2017లో తేలింది. 2018లో కేంబ్రిడ్జిలోని తోషిబా బృందం, రెండు కొసల నుంచీ మెరుపులు పంపి నడుమ కలిపే మార్గం చూపింది. దానితో నష్టం సగం దూరానికే లెక్కకు వస్తుంది. 2023లో చైనా శాస్త్రవేత్తలు ఆ దారిన 1002 కిలోమీటర్లు చేరారు. అక్కడ దక్కింది సుమారు అయిదు నిమిషాలకు ఒక్క అంకె.

ఇక ఆ హెచ్చరిక. 2010లో కొందరు పరిశోధకులు, అంగట్లో అమ్మే యంత్రాల గ్రాహకాలను గట్టి వెలుగుతో గుడ్డివి చేసి, జాడ తెలియకుండా తాళంచెవి మొత్తం రాబట్టవచ్చని చూపారు. సిద్ధాంతం తప్పలేదు. గ్రాహకానికి కళ్ళు బైర్లు కమ్ముతాయన్న మాట ఆ సమీకరణంలో లేదు, అంతే. సమీకరణం తనకు చెప్పిన దొంగనే పట్టుకుంటుంది. చెప్పని దొంగను వెదకడం మనుషుల పని.