భోగాపురము: ఒక శాసనము, నాలుగు పల్లెలు

విశాఖపట్టణమునుండి శ్రీకాకుళము పోవు రాజమార్గమున తగరపువలస కడ గోస్తనీనది దాటిన కొంతసేపటికి భోగాపురము వచ్చును. ఇంకను ఉత్తరమునకు సాగినచో చంపావతి. అది కోనాడ వద్ద సముద్రమున కలియుచున్నది. ఈ రెండు ఏరుల నడిమి నేల ఇది. ఎఱ్ఱమట్టి, ఇసుక, తాటితోపులు, కొబ్బరి, జీడిమామిడి, సరుగుడు. తూర్పున ముక్కాం, చేపలకంచేరు మొదలగు బెస్తపల్లెలు కలవు. 1979 లో విజయనగరం జిల్లా ఏర్పడినపుడు ఈ ప్రాంతము అందు చేరినది.

చరిత్ర యనగానే మనవారికి 1794 జూలై 10 నాటి పద్మనాభయుద్ధము, చినవిజయరామరాజు మరణము స్ఫురించును. భీమునిపట్టణపు డచ్చివారి సమాధులను చూడబోవువారును కలరు. భోగాపురమున ఆగువారు మాత్రము అరుదు. కాని ఈ ఊరికి అంతకంటె ప్రాచీనమైన ఆధారమొకటి యున్నది.

శకవర్షము 1109, అనగా క్రీ.శ. 1187 నాటి శాసనమది. తూర్పుగాంగుల యేలుబడిలో కన్నమనాయకుడను వర్తకుడు ఇచ్చట ఒక జినాలయమును కట్టించి, దానికి రాజరాజ జినాలయమని పేరిడెను. పేరు రాజుది, ధనము వర్తకునిది! లౌక్యము తెలిసిన మనిషియే. అయినను ఇందు లౌక్యము మాత్రమే చూచుట న్యాయము కాదు. ఆ గాంగవంశమువారే పూరీలో జగన్నాథుని మహాలయమును నిర్మింపజేసిరి. సింహాచలమున నేడు మనము చూచు గర్భాలయము 1268 ప్రాంతమున వారి కాలముననే వెలసినది. అట్టి వైష్ణవప్రాబల్యపు దినములలో జైనవర్తకుడు రాజనామముతో జినమందిరమును నిలుపగలిగెను. సమీపమున రామతీర్థమున చాళుక్య విమలాదిత్యుని కాలపు జైనశాసనము కూడ ఉన్నది గనుక, కన్నమనాయకుని జైనము ఈ సీమకు క్రొత్తది కాదు. అప్పటికే నూటయేబది యేండ్లకు పైబడిన పరంపర.

నేడు భోగాపురమనగా అందఱకును విమానాశ్రయము. దానికి రెండు మారులు శంకుస్థాపన జరిగినది: 2019 లో ఒకమారు, 2023 మే 3న మరియొకమారు. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిరి, తగిన పేరే. 2015 లో భూసేకరణ మాట వెలువడగానే రైతులు ఎదురు తిరిగిరి. జీడితోట కాపునకు వచ్చుటకు ఎన్ని యేండ్లు పట్టునో ఎఱిగినవారికి ఆ ఆందోళనము వింతగా తోచదు. కట్టించినవాని పేరును ఎనిమిదివందల యేండ్లకు పైగా ఒక రాయి కాపాడినది. నేల విడిచిపోయిన వారి ఊళ్ల పేర్లను కూడ ఆ విమానాశ్రయపు గోడపై ఎక్కడనైన చెక్కింపవలెనని మా అభిప్రాయము. అవి నాలుగే: మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట. అచ్చటి కుటుంబములకు గూడెపువలస, లింగాలవలసలలో క్రొత్త ఇండ్లస్థలములు ఇచ్చిరి.