జపాను దేశపు ప్రమాణభాషయు ప్రాంతీయముల పలుకుబడియు

దేశమంతటికిని ఒక్క భాష యుండవలెనని కోరుట సులభము. అది యెవరి భాష కావలెనో నిర్ణయించుట కష్టము. జపానువారు ఈ చిక్కును తీర్చుకొనిన విధము విద్యాభిమానులెల్లరు తెలిసికొనదగినది.

1868వ సంవత్సరమునకు పూర్వము ఆ దేశము రెండువందలకు పైగా సంస్థానములుగ విభక్తమై యుండెను. సామాన్యజనులకు స్వేచ్ఛగా రాకపోకలు లేకపోవుటచే ప్రతిసీమయందును పలుకుబడి వేరువేరుగ పెరిగెను. 794 మొదలు వేయేండ్లకు పైగా రాజధానియైన క్యోటో నగరపు మాటకే గౌరవము చెల్లుచుండెను. 1868లో ఎడో నగరము టోక్యో యను పేర రాజధాని కాగా ఆ గౌరవము క్రమముగ తూర్పునకు మరలెను.

ఈ రెండు సీమల మాటలకుగల భేదము స్వల్పము కాదు. “కొంటిని” అనుటకు టోక్యోలో “కత్తా” యందురు, పడమటివారు “కోతా” యందురు. “కొనను” అనుటకు టోక్యోలో “కవనై”, పడమట “కవన్”. “హషి” యను శబ్దమును మొదట హెచ్చించి పలికిన టోక్యోలో భోజనపు పుల్లలని యర్థము, క్యోటోలో వంతెనయని యర్థము. ఈశాన్యమందలి తోహొకు సీమలో పెక్కుచోట్ల “షి”, “సు” అనునవి యొక్క ధ్వనిగనే వినబడును. దక్షిణమున ఓకినావాలో “అరిగతో” అను కృతజ్ఞతావాక్యమునకు మారుగ “నిఫే దేబిరు” అందురు. ఇది మాండలికము కాదనియు, జపాను భాషకు సోదరభాష యనియు శాస్త్రజ్ఞుల మతము.

జర్మనీలో భాషాశాస్త్రము నభ్యసించి 1894లో తిరిగివచ్చిన ఉయెదా కజుతోషి పండితుడు, విద్యావంతులగు టోక్యోవాసుల భాషను సంస్కరించి ప్రమాణముగ గైకొనవలెనని వాదించెను. 1902లో ప్రభుత్వమువారు జాతీయభాషా పరిశోధకసంఘమును స్థాపించిరి. మాండలికములను పరిశీలించి ప్రమాణభాషను నిర్ణయించుట దాని పనులలో నొకటి. కాని 1904లోనే టోక్యో మాటను పునాదిగ గొనిన ప్రభుత్వ వాచకములు బడులకు వచ్చెను. సంఘమువారి మాండలిక పటములు 1905, 1906 సంవత్సరములలో గాని వెలువడలేదు. విచారణ ముగియకమునుపే తీర్పు జరిగినదన్నమాట!

ప్రమాణభాషవలన మేలు కలుగలేదనరాదు. ఉత్తరదేశపు బాలుడును దక్షిణదేశపు బాలుడును ఒకే పుస్తకమును చదివి పరస్పరము గ్రహింపగలిగిరి. అయితే ఉపకరణముగ బుట్టినది యధికారియై కూర్చుండెను. ఓకినావా పాఠశాలలందు ఇంటిభాష పలికిన విద్యార్థి మెడలో “మాండలికపు పలక” వ్రేలాడదీసెడివారు. వాడు దానిని వదల్చుకొనవలెనన్న, అదే తప్పుచేసిన మఱియొక బాలుని పట్టి చూపవలెను! తల్లి నేర్పిన మాట నేరమయ్యెను, తోడివాని నేరము వెదకుట చదువయ్యెను. 1940లో యనగి సోయెత్సు మొదలగువారు ఓకినావాకు వచ్చి, ప్రమాణభాషను నేర్పుటకై స్థానికభాషను కించపరుపనేల యని యడుగగా పత్రికలలో గొప్ప వివాదము చెలరేగెను.

యనగితా కునియో 1930లో ప్రకటించిన గ్రంథమును ఇచట స్మరింపవలసియున్నది. ఆయన నత్తకు దేశమందంతటను గల పేర్లను కూర్చి చూడగా, క్యోటో చుట్టును ఒకపేరును, దానికావల వేఱొకపేరును వలయములుగ గానవచ్చెను. ఈశాన్యపు కొనను, నైరృతిని క్యూషూలోను ఒక్కమాటయే నిలిచియుండెను. రాజధానిలో మఱుగుపడిన పాతమాటలే పొలిమేరలందు జీవించియున్నవని ఆయన యూహించెను. ఆ యూహయే నిజమైనచో, పల్లెవాని మాట చెడిన నగరభాష కాదు, నగరవాసుల తాతల భాషయే.

యుద్ధానంతరమున జపాను విద్వాంసులు “ప్రమాణభాష” యను పేరునకు మారుగ “సామాన్యభాష” యను పేరును విరివిగ వాడసాగిరి. ఒకటి తక్కినవానిని తప్పులనును, రెండవది అందరును కలిసికొను చోటు చూపును. కాని యీ వివేకము ఆలస్యముగ గలిగెను. 2009లో యునెస్కోవారు జపానులో నశింపనున్నవని పేర్కొన్న ఎనిమిది భాషలలో ఆఱు ఓకినావా మొదలగు దక్షిణద్వీపములవే. మనుమలతో మాటలాడుటకు తమ భాష పనికిరాక మౌనము వహించిన అవ్వలెందరో! పిల్లవానికి క్రొత్తభాష నిచ్చుటకు పాతభాషను గుంజుకొననక్కఱలేదని ఆ పలక కట్టిన గురువులకు తోచియుండినయెడల, ఒకే నాలుక రెంటిని మోయగలిగి యుండెడిది.