పదచ్ఛేదం

‘పద’, ‘ఛేదం’ కలిసేటప్పుడు మధ్యలో ఓ చకారం అదనంగా వచ్చి చేరుతుంది. ‘ఛిద్’ అంటే కోయడం. వ్యాఖ్యాతలు శ్లోకాన్ని పైన చెక్కుచెదరనిచ్చి, కిందే పదాలుగా విడదీసేవారు.

సీ భాషలో స్ట్రింగును ముక్కలు చేసే స్ట్ర్‌టాక్‌కు ఆ మర్యాద లేదు. మొయినాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో కూర్చుని ‘చేవెళ్ల,మొయినాబాద్,శంకర్‌పల్లి’ అనే స్ట్రింగును కామాల దగ్గర కోయమని దానికిచ్చి చూడండి. కోసిన ప్రతి కామా మీదా సున్నా బైటు రాసేస్తుంది. సీ లెక్కలో సున్నా వస్తే స్ట్రింగు అయిపోయినట్టే. ఆనక మూలాన్ని ప్రింట్ చేస్తే మిగిలేది చేవెళ్ల ఒక్కటే!

అందుకని ముందే స్ట్ర్‌డప్‌తో నకలు తీసి, నకలునే కోయాలి. పనయ్యాక ఫ్రీ చేయాలి. నాకైతే స్ట్ర్‌సీస్పాన్ ఇష్టం. కామా దాకా ఎన్ని బైట్లో కొలుస్తుంది, దేన్నీ ముట్టుకోదు.